ఇల్లు మారేటప్పుడు ఫ్రిజ్ నీటి పైపును విడదీసే పద్ధతి

సామాన్లు మోసే మనుషులు బీరువాను మోసినట్టే ఫ్రిజ్‌నూ మోయగలరు గానీ, తలుపులోంచి చల్లటి నీళ్ళూ ఐసూ ఇచ్చే పెద్ద ఫ్రిజ్ వెనుక ఒక సన్నటి ప్లాస్టిక్ పైపు ఉంటుందనీ, దాన్ని ముందుగా విడదీయకుండా ఫ్రిజ్‌ను లాగితే వంటింటి నిండా నీళ్ళు చేరతాయనీ వారికి తెలియకపోవచ్చు. అందుచేత ఆ పనిని బండి వచ్చే రోజుకు వదిలేయకుండా, ముందురోజు సాయంత్రం ఇంటివారే తీరికగా ముగించుకోవడం మంచిది. ఇందుకు కావలసినవి ఒక బకెట్టు, రెండు మూడు పాత తువ్వాళ్ళు, ఒక స్క్రూడ్రైవరు, రెండు చిన్న పానాలు, పదునైన బ్లేడు మాత్రమే. పని కూడా కష్టమైనది కాదు. అయితే కంపెనీ పుస్తకంలో ఉన్న వరుసను కర్నూలు, కడప, అనంతపురం ఇళ్ళలో ఉన్నదున్నట్టు పాటిస్తే ఒకటి రెండు చోట్ల తప్పకుండా చిక్కు వస్తుంది. కొళాయిలో రోజంతా ఒత్తిడితో నీళ్ళు ఉండే ఇళ్ళను దృష్టిలో పెట్టుకొని ఆ పుస్తకాలు రాస్తారు. మన ఇళ్ళలో ఫ్రిజ్‌కు నీరు చేరే దారి వేరు.

మన ఊళ్ళలో మున్సిపాలిటీ నీళ్ళు వాటి వేళకు అవి వస్తాయి. వాటిని సంపులో పట్టుకొని, మోటారుతో మిద్దె మీది ట్యాంకుకు ఎక్కించి, అక్కడి నుంచి ఇంట్లోకి వదులుకుంటాము. చాలా ఇళ్ళలో బోరు నీళ్ళు కూడా ఆ సంపులోకే చేరతాయి. బోరు నీటిలో లవణాలూ సున్నపు పాళ్ళూ ఎక్కువ. అనంతపురం ప్రాంతంలో వీటికి తోడు ఫ్లోరైడు బెడద దశాబ్దాలుగా ఉంది. 1990లలో శ్రీ సత్యసాయి తాగునీటి పథకం ఆ జిల్లాకు వచ్చింది కూడా ఇటువంటి ఇక్కట్ల వల్లనే. తాగునీటికి భారత ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాములకూ, ఫ్లోరైడు 1 మిల్లీగ్రాముకూ మించకూడదు. వేరే నీరు దొరకని చోట లవణాలను 2,000 వరకు, ఫ్లోరైడును 1.5 వరకు అనుమతిస్తారు. ఫ్రిజ్‌తో పాటు వచ్చే కార్బన్ ఫిల్టరు మట్టినీ క్లోరిన్ వాసననూ ఆపుతుందే తప్ప, కరిగి ఉన్న లవణాలనూ ఫ్లోరైడునూ తీయదు. కాబట్టి ఇక్కడ ఫ్రిజ్‌కు నేరుగా కొళాయి నుంచి కాక, గోడకు బిగించిన ఆర్వో యంత్రం నుంచి పైపు తీసే అలవాటు ఏర్పడింది.

ఆర్వో యంత్రంలో శుద్ధి అయిన నీరు ఒక చిన్న ట్యాంకులో నిలిచి, తన బరువుతోనే కిందికి జారుతుంది. ఆ నీటికి తగినంత ఒత్తిడి ఉండదు. ఫ్రిజ్ లోపలి వాల్వు సరిగా పనిచేయాలంటే సాధారణంగా 20 నుంచి 120 పీఎస్ఐ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) వరకు ఒత్తిడి కావాలి. నీటిమట్టం 10 మీటర్ల ఎత్తున ఉంటే దాదాపు 14 పీఎస్ఐ ఒత్తిడి వస్తుందనుకుంటే, రెండంతస్తుల ఇంటి మీది ట్యాంకు కూడా ఫ్రిజ్‌కు చాలదని తేలిపోతుంది. ఇక ఆర్వో ట్యాంకు సంగతి చెప్పనక్కరలేదు. ఈ లోటును తీర్చడానికి ఆర్వోకూ ఫ్రిజ్‌కూ మధ్య ఒక బూస్టర్ పంపును పెడతారు. కొన్ని ఇళ్ళలో వంటగట్టు కింద గుండ్రటి ప్రెషర్ ట్యాంకు కూడా ఉంటుంది. ఫ్రిజ్ పైపును విడదీసే పనిలో జాగ్రత్త అంతా ఈ రెండింటి దగ్గరే ఉంది. పైపులో ఒత్తిడి తగ్గగానే పంపు తనంతట తానే తిరగడం మొదలుపెడుతుంది. అంటే, పంపు ప్లగ్గు తీయకుండా ఫ్రిజ్ వెనుక పైపును ఊడదీస్తే, నీళ్ళు కావాలని అడుగుతున్నారనుకొని అది ఆర్వో ట్యాంకులో ఉన్న నీటినంతా నేల మీదికి తోసేస్తుంది. ప్రెషర్ ట్యాంకుకు కరెంటుతో కూడా పనిలేదు. దాని లోపల గాలి నొక్కి ఉంచిన నీరు దారి దొరికిన మరుక్షణం చిమ్ముకొస్తుంది.

మొదట పైపు వెంట నడవాలి

దేన్నీ ముట్టుకోకముందు ఫ్రిజ్ వెనుక నుంచి మొదలుపెట్టి, పైపు ఎక్కడికి పోతున్నదో చివరి వరకు కంటితో చూడాలి. దారిలో ఎన్ని జాయింట్లు, ఎన్ని వాల్వులు, ఎక్కడ ఫిల్టరు, ఎక్కడ పంపు ఉన్నాయో ఫోనుతో ఫొటోలు తీసి పెట్టుకోవాలి. కొత్త ఇంట్లో తిరిగి కలిపేటప్పుడు ఈ ఫొటోలే అక్కరకు వస్తాయి, ముఖ్యంగా బయట ఉండే గొట్టపు ఫిల్టరు విషయంలో. దాని మీద నీరు పోవలసిన దిక్కును చూపే బాణం గుర్తు ఉంటుంది. దాన్ని తలకిందులుగా బిగిస్తే నీళ్ళు సరిగా రావు.

ఈ వెతుకులాటలో అసలు పైపే కనబడకపోవచ్చు. తలుపులో నీళ్ళు ఇచ్చే ఫ్రిజ్‌లన్నిటికీ పైపు ఉండదు. మన దగ్గర అమ్ముడయ్యే అనేక మోడళ్ళలో లోపలి అరలోనో తలుపు వెనుకనో ఒక ప్లాస్టిక్ ట్యాంకు ఉంటుంది, ఇంటివారే దాన్ని బిందెతోనో చెంబుతోనో నింపుకుంటారు. అటువంటి ఫ్రిజ్ అయితే ట్యాంకును తీసి, కడిగి, ఎండబెట్టి, వేరుగా కట్టుకుంటే సరిపోతుంది. విడదీయవలసిన పైపు ఏదీ లేదు.

పైపు ఉంటే అది చాలా వరకు పావు అంగుళం, అంటే సుమారు 6.35 మిల్లీమీటర్ల మందం ఉన్న తెల్లటి ప్లాస్టిక్ పైపు. ఆర్వో యంత్రాల్లో వాడేదీ ఇదే. ఇది మన ఊళ్ళలో ఏ ఆర్వో విడిభాగాల అంగడిలోనైనా మీటర్ల లెక్కన దొరుకుతుంది కాబట్టి, పాత పైపును ఎలాగైనా కాపాడుకోవాలన్న తాపత్రయం అవసరం లేదు. నా మటుకు, రెండేళ్ళు దాటిన పైపును కొత్త ఇంటికి మోసుకుపోవడం దండగ అనిపిస్తుంది. లోపల సున్నం పట్టి ఉంటుంది, వంపుల దగ్గర గట్టిపడి ఉంటుంది, జాయింటు పళ్ళు దిగిన చోట గీతలు పడి ఉంటాయి. ఆ గీతల గుండానే తరువాత నీరు ఊరుతుంది.

ముందురోజు చేయవలసినవి

ఐసు తయారుచేసే భాగాన్ని ఒక రోజు ముందే ఆపేయాలి. కొన్నిటికి తలుపు మీద బటను ఉంటుంది, కొన్నిటికి లోపల ఒక చిన్న స్విచ్చు గానీ పైకెత్తే తీగ గానీ ఉంటుంది. ఆపకుండా నీటి వాల్వును మూసేస్తే, ఐసు యంత్రం నీళ్ళ కోసం పదే పదే లోపలి వాల్వును తెరవబోయి బుర్రుమని శబ్దం చేస్తూ ఉంటుంది. డబ్బాలో మిగిలిన ఐసును పారబోసి, డబ్బాను తుడిచి ఆరబెట్టాలి. ఐసు అలాగే ఉండిపోతే, బండిలో కరిగి తలుపు అంచుల వెంట కారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండకు అది కరగడానికి ఎంతోసేపు పట్టదు.

ఆ తరువాత, నీటి వాల్వును మూయడానికి ముందే, ఇంట్లో ఉన్న బాటిళ్ళన్నీ ఫ్రిజ్ నీళ్ళతో నింపి పక్కన పెట్టుకోవడం మంచి పని. ఇల్లు మారే రోజున తాగడానికి నీళ్ళు ఎక్కడున్నాయో అందరూ వెతుక్కుంటూనే ఉంటారు.

విడదీసే వరుస

చాలామంది మొట్టమొదట ఫ్రిజ్ ప్లగ్గునే పీకేస్తారు. చూడడానికి అది జాగ్రత్తగానే కనిపిస్తుంది గానీ, ఈ పనికి అది తప్పు వరుస. తలుపులో నీళ్ళు వదిలే వాల్వు కరెంటుతో తెరుచుకుంటుంది. కరెంటు లేకపోతే మీట నొక్కినా అది తెరుచుకోదు, పైపులో చిక్కుకున్న ఒత్తిడి బయటికి పోయే దారి ఉండదు. కాబట్టి ఫ్రిజ్ నడుస్తుండగానే ముందు నీటిని ఆపాలి, మీట నొక్కి ఒత్తిడిని వదిలించాలి, ఆ తరువాతనే ప్లగ్గు తీయాలి. పని మధ్యలో కరెంటు పోతే, వచ్చేంత వరకు ఆగడమే మేలు.

నీటిని ఆపడంలో కూడా ఒక వరుస ఉంది. మొదట బూస్టర్ పంపు అడాప్టరును ప్లగ్గు నుంచి తీసేయాలి. తరువాత ఆర్వో ట్యాంకు నుంచి పంపుకు వచ్చే పైపు మీద ఉన్న చిన్న బాల్ వాల్వును అడ్డంగా తిప్పి మూయాలి. పంపు ఆగిపోయింది కదా అని ఈ వాల్వును వదిలేయకూడదు. ఆర్వో ట్యాంకు ఎత్తులో ఉంటుంది కాబట్టి, ఆగిపోయిన పంపులోంచి కూడా నీరు మెల్లగా జారుతూనే ఉంటుంది. ప్రెషర్ ట్యాంకు ఉంటే దాని మూతి దగ్గర ఉండే వాల్వును కూడా మూయాలి. ఆర్వోతో సంబంధం లేకుండా నేరుగా కొళాయి లైను నుంచి పైపు తీసిన ఇళ్ళలో ఇంత పని లేదు, గోడకున్న యాంగిల్ కాక్‌ను, అంటే పైపు మొదట్లో ఉండే చిన్న తిప్పుడు వాల్వును, కుడివైపుకు తిప్పి మూస్తే చాలు.

అయితే యాంగిల్ కాక్ అంత తేలిగ్గా మూతపడుతుందన్న నమ్మకం పెట్టుకోకూడదు. ఫ్రిజ్ పెట్టిన నాడు తెరిచిన కాక్‌ను మళ్ళీ ఎవరూ తిప్పి ఉండరు. బోరు నీళ్ళ సున్నం లోపల పేరుకొని అది బిగుసుకుపోయి ఉంటుంది. కటింగ్ ప్లయరుతో బలంగా తిప్పితే పిడి విరిగి చేతికి వస్తుంది, ఒక్కోసారి గోడలోని పైపే తిరిగి పగులుతుంది. ఇల్లు అద్దెదైతే ఆ ఖర్చు అడ్వాన్సులోంచి పోతుంది. బిగుసుకున్న కాక్‌ను బలవంతపెట్టకుండా, మిద్దె మీదికి వెళ్ళి ట్యాంకు కింద వంటింటి లైనుకు ఉన్న గేట్ వాల్వును మూసి, వంటింటి కొళాయిని తెరిచి లైను ఖాళీ అయ్యేదాకా ఆగి, ఆ తరువాత పని చేసుకోవాలి. అపార్టుమెంటులో ఉండేవారు ఆ వాల్వు తమ ఇంటిదేనా, పక్కింటిదా అన్నది వాచ్‌మన్‌ను అడిగి మూయడం మర్యాద.

నీటిని ఆపాక, తలుపు దగ్గర గిన్నె పట్టుకొని మీటను నొక్కి ఉంచాలి. కొంచెంసేపు నీళ్ళు వచ్చి, ధార సన్నబడి, ఆగిపోతుంది. నిమిషం గడిచినా ధార తగ్గకపోతే ఎక్కడో ఒక వాల్వు పూర్తిగా మూతపడలేదని అర్థం. అది తేలేదాకా ముందుకు పోకూడదు. ధార ఆగాక ఫ్రిజ్‌ను స్విచ్చు దగ్గర ఆపి, ప్లగ్గు తీసి, వైరును పైకి చుట్టి కట్టాలి. ప్లగ్గు ఫ్రిజ్ వెనుక చేయి అందని చోట ఉంటే, కరెంటు బోర్డులో ఆ లైనుకు ఉన్న ఎంసీబీ స్విచ్చును ఆపి పని మొదలుపెట్టాలి. నీళ్ళ పనీ కరెంటు పనీ ఒకే మూలలో జరుగుతున్నాయని మరచిపోరాదు.

ఇప్పుడు ఫ్రిజ్‌ను ఒక మనిషి దూరేంత మేర ముందుకు జరపాలి. బేతంచెర్ల పాలిష్ బండలు గానీ కడప నాపరాళ్ళు గానీ పరిచిన నేల అయితే, ఫ్రిజ్ ముందు కాళ్ళను పైకి తిప్పి చక్రాల మీద భారం పడేలా చేసి, తడిలేని గోనెపట్టా మీదుగా తిన్నగా లాగాలి. పక్కలకు ఊపుతూ లాగితే బండ మీద గీత పడుతుంది, వెనుక పైపు కూడా మెలిక పడుతుంది. సరిగా అమర్చిన ఇళ్ళలో ఫ్రిజ్ వెనుక పైపును కొంత వదులుగా చుట్టి ఉంచుతారు కాబట్టి అది లాగినంత మేర వస్తుంది. ఆ వదులు లేకపోతే, పైపు బిగిసిన చోట ఆగి, చేయి పెట్టి అక్కడే విడదీయాలి.

ఫ్రిజ్ వెనుక జాయింటు రెండు రకాలుగా ఉంటుంది. ఎక్కువగా కనిపించేది పుష్ ఫిట్ జాయింటు. పైపు దానిలోకి నేరుగా దూరి ఉంటుంది, మరలేమీ ఉండవు. పైపు చుట్టూ ఒక సన్నటి ప్లాస్టిక్ ఉంగరం కనిపిస్తుంది. ఆ ఉంగరానికీ జాయింటుకూ మధ్య నీలం, ఎరుపు లేదా తెలుపు రంగులో సగానికి విరిగిన చేతిగాజు ఆకారంలో చిన్న క్లిప్పు తగిలించి ఉంటుంది. ముందు ఆ క్లిప్పును గోటితోనో స్క్రూడ్రైవరు మొనతోనో పక్కకు లాగి తీసి, జేబులో వేసుకోవాలి. తరువాత పైపును ఒకసారి లోపలికి కొద్దిగా నొక్కి, ఉంగరాన్ని రెండు వైపులా సమానంగా జాయింటులోకి అదిమిపట్టి, అదే సమయంలో పైపును తిన్నగా బయటికి లాగాలి. మామూలుగా తేలిగ్గానే వస్తుంది. రాకపోతే ఉంగరం ఒకవైపే దిగిందని అర్థం. వదిలేసి మళ్ళీ మొదటి నుంచి చేయాలి. పైపును మెలితిప్పుతూ పెరికితే లోపలి రబ్బరు వాషరు దెబ్బతింటుంది, అప్పుడు కొత్త పైపు పెట్టినా అక్కడ నీరు కారుతుంది. పాత పైపును ఎలాగూ పారేయదలచుకుంటే ఇంకో దారి ఉంది: జాయింటుకు రెండు అంగుళాల దూరంలో పైపును బ్లేడుతో కోసి, మిగిలిన ముక్కను వెలుతురులో నిదానంగా తీసుకోవచ్చు.

రెండో రకంలో నట్టు ఉంటుంది. ఇక్కడ రెండు పానాలు కావాలి. ఒకటి ఫ్రిజ్ వైపు భాగాన్ని కదలకుండా పట్టుకోవడానికి, రెండోది నట్టును ఎడమవైపుకు తిప్పడానికి. ఒక్క పానాతో తిప్పితే ఫ్రిజ్‌కు బిగించిన ప్లాస్టిక్ వాల్వే తిరిగి పగలవచ్చు, అది మార్చడం మన పని కాదు. నట్టు లోపల ఉండే రింగులనూ వాషరునూ తీసిన వరుసలోనే ఒక దారానికి గుచ్చి పెట్టుకోవాలి. ఏ రకమైనా సరే, విడదీసేటప్పుడు కింద బకెట్టు, చుట్టూ తువ్వాలు ఉండాలి. ఒత్తిడి పోయినా పైపులో నిలిచిన నీరు ఎంతో కొంత కారక తప్పదు. వారంటీ ఇంకా ఉన్న ఫ్రిజ్ అయితే బయటి పైపు వరకే చేయి పెట్టి, వెనుక రేకు విప్పే పనిని కంపెనీ మనిషికే వదిలేయాలి.

ఫ్రిజ్ కడుపులో మిగిలే నీరు

మీట నొక్కితే ధార ఆగిపోయింది కాబట్టి లోపల నీరు లేదనుకోవడం పొరపాటు. ఫ్రిజ్ లోపల, కూరగాయల అర వెనుక నీటిని చల్లబరిచే ఒక చిన్న ట్యాంకో పైపు చుట్టో ఉంటుంది. బయటి నుంచి కొత్త నీరు వచ్చి తోస్తేనే అందులోని నీరు ముందుకు కదులుతుంది. నీటిని ఆపేశాక మనం వదిలించినది ఒత్తిడిని మాత్రమే, నీరు చాలావరకు అక్కడే ఉంటుంది. ఫ్రిజ్‌ను మెట్ల మీద వంచినప్పుడు వెనుక నుంచో తలుపు నుంచో కారేది ఈ నీరే.

చలి దేశాల్లో ఈ నీరు బండిలోనే గడ్డకట్టి పైపును పగలగొడుతుందన్న భయం ఉంటుంది. మన సీమలో ఆ భయం లేదు. ఫ్రిజ్‌ను నిలువుగా తీసుకుపోయి రెండు మూడు రోజుల్లో మళ్ళీ కలిపేటట్టయితే ఆ నీటిని అలాగే వదిలేసి, వెనుక జాయింటుకు ఒక ఎండ్ ప్లగ్గు పెట్టి, నీళ్ళు వచ్చే తలుపు గూటిలో మడిచిన గుడ్డను ఉంచి టేపు వేస్తే చాలు. అలాకాక, కొత్త ఇంటి పని పూర్తికాలేదనో ఆషాఢం వెళ్ళాలనో ఫ్రిజ్‌ను నెల రోజుల పాటు బంధువుల ఇంట్లో ఉంచవలసి వస్తే ఆ నీటిని తీయించడం అవసరం, లేకపోతే మురిగి వాసన వస్తుంది. లోపలి ఫిల్టరును పావు వంతు తిప్పి బయటికి తీయాలి; దాన్ని ఎప్పటికప్పుడు ఆరు నెలలకొకసారి మార్చవలసిందే కాబట్టి, సగం వాడినదాన్ని దాచిపెట్టకుండా కొత్తది కొనుక్కోవడమే మంచిది. ఫ్రిజ్ వెనుక అడుగున, కంప్రెసరు మీద ఉండే పళ్ళెంలో కూడా ఐసు కరిగిన నీరు చేరి ఉంటుంది. కొన్ని గంటల ముందే ఫ్రిజ్‌ను ఆపి, తలుపులు తెరిచి ఉంచి, ఆ పళ్ళేన్ని గుడ్డతో పీల్చి తుడిస్తే దారిలో కారదు.

తలుపు విప్పవలసి వస్తే

పక్కపక్కన రెండు తలుపులుండే (సైడ్ బై సైడ్) ఫ్రిజ్ వెడల్పు సుమారు 91 సెంటీమీటర్లు, అంటే మూడడుగులు. పాత మిద్దెల్లో వంటింటి వాకిలి అంతకంటే ఇరుకుగా ఉండడం మామూలే. కొన్నప్పుడు తలుపులు విప్పి లోపలికి తెచ్చిన సంగతి ఇంటివారికి గుర్తుండకపోవచ్చు గానీ, ముందురోజే టేపుతో వాకిలినీ మెట్ల మలుపునూ కొలిస్తే ఆ సంగతి బయటపడుతుంది. తలుపులు విప్పక తప్పకపోతే, మరొక నీటి జాయింటు ఉందని తెలుసుకోవాలి. ఫ్రీజరు తలుపులోకి నీటిని తీసుకుపోయే పైపు, చాలా సైడ్ బై సైడ్ మోడళ్ళలో కింది కీలు గుండా పైకి పోతుంది. ఫ్రిజ్ ముందు అడుగున ఉన్న ప్లాస్టిక్ పట్టీని తీస్తే అక్కడ పుష్ ఫిట్ జాయింటు కనిపిస్తుంది. పైన చెప్పిన పద్ధతిలోనే క్లిప్పు తీసి, ఉంగరం నొక్కి దాన్ని విడదీయాలి. లోపలి ట్యాంకు కంటే ఈ జాయింటు దిగువన ఉంటుంది కాబట్టి ఇక్కడ నీళ్ళు ఎక్కువగానే కారతాయి. వెడల్పాటి పళ్ళెం ముందే పెట్టుకోవాలి.

ఈ పైపును విడదీయకుండా తలుపును పైకెత్తితే పైపు కీలులోనే తెగిపోతుంది. బయటి పైపు తెగితే కొద్దిపాటి ఖర్చుతో పోతుంది, ఇది తెగితే తలుపు లోపలి భాగమే మార్చవలసి రావచ్చు. పై కీలు దగ్గర ఉండే వైర్ల కనెక్టర్లను కూడా విడదీయాలి. ఈ పనికి మాత్రం తెలిసిన మెకానిక్‌ను పిలవడమే తెలివైన పని. తలుపు బరువు ఒక మనిషి మోసేది కాదు.

విడిచిపోయే ఇంటి వైపు

మన వైపు చివర ఎంత జాగ్రత్తగా చూసుకుంటామో, గోడ వైపు చివరనూ అంతే జాగ్రత్తగా వదలాలి. ఆర్వో యంత్రం మనదే అయితే అది కూడా మనతో వస్తుంది కాబట్టి సమస్య లేదు. కొళాయి లైనులో టీ జాయింటు పెట్టి పైపు తీసి ఉంటే, యాంగిల్ కాక్‌ను మూసి వదిలేయడం చాలదు. సున్నం పట్టిన కాక్ లోలోపల ఊరుతూనే ఉంటుంది, లేదా తరువాత ఇల్లు చూడడానికి వచ్చినవారు దాన్ని తిప్పి చూస్తారు. అర అంగుళం డమ్మీ ప్లగ్గు ఒకటి తెచ్చి, మరల మీద టెఫ్లాన్ టేపు పది పదిహేను చుట్లు బిగుతుగా చుట్టి కాక్ మూతికి బిగించాలి. ఆ తరువాత మిద్దె మీది వాల్వు తెరిచి, కాసేపు ఆగి, వేలితో తడిమి చూడాలి.

తీసిన పైపును తిరిగి వాడదలిస్తే దాన్ని పైకెత్తి నీరంతా కార్చి, రెండు చివరలా ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేయాలి. తెరిచి ఉన్న పైపులో చీమలూ బొద్దింక పిల్లలూ దూరడానికి ఒక్క రాత్రి చాలు. పైపును వదులుగా పెద్ద చుట్టగా చుట్టాలి. చిన్నగా మడిస్తే మడత పడ్డ చోట మళ్ళీ ఎప్పటికీ సరిగా సాగదు. పంపు, అడాప్టరు, క్లిప్పులు, ప్లగ్గులు అన్నీ ఒకే సంచిలో వేసి ఆ సంచిని ఫ్రిజ్ కూరగాయల అరలో పెడితే వెతుక్కునే పని తప్పుతుంది.

బండిలో ఫ్రిజ్‌ను నిలబెట్టి, తాడు కింద దుప్పటి వేసి, వెనుక జాయింటుకు తాడు తగలకుండా కట్టాలి. కర్నూలు నుంచి డోన్, గుత్తి మీదుగా అనంతపురం పోయే 44వ నంబరు జాతీయ రహదారి నున్నగానే ఉంటుంది గానీ, ఊళ్ళోపలి స్పీడ్ బ్రేకర్ల దగ్గరే ఫ్రిజ్ ఎగిరిపడుతుంది.

కొత్త ఇంట్లో కలిపేటప్పుడు

మంచి రోజు చూసి పాలు పొంగించిన నాడే ఫ్రిజ్ నీళ్ళు కూడా రావాలని పట్టుబట్టనక్కరలేదు. నిలువుగా తెచ్చిన ఫ్రిజ్‌కు రెండు మూడు గంటలు, పక్కకు వంచి తెచ్చినదానికి ఒక పూట నుంచి ఒక రోజు వరకు విశ్రాంతి ఇచ్చి కరెంటు పెట్టడం మెకానిక్‌లు పాటించే ఆనవాయితీ. ఐసు యంత్రాన్ని మాత్రం నీటి పైపు కలిపేదాకా ఆపే ఉంచాలి.

కొత్త పైపు చివరను పదునైన బ్లేడుతో ఏటవాలుగా కాక తిన్నగా అడ్డంగా కోయాలి. కత్తెరతో కోస్తే పైపు నొక్కుకుపోయి, గుండ్రం తప్పి, జాయింటులో సరిగా కూర్చోదు. ఫ్రిజ్‌కు తగిలించడానికి ముందే పంపును నడిపి, పైపు చివరను బకెట్టులో పెట్టి కొంతసేపు నీళ్ళు వదలాలి; పైపులోని పొడీ మురికీ అప్పుడే పోతాయి. ఒత్తిడి చాలుతుందో లేదో కూడా అక్కడే చూసుకోవచ్చు. 180 మిల్లీలీటర్ల కప్పు పది సెకన్లలో నిండితే ఫరవాలేదని కొన్ని కంపెనీల పుస్తకాలు చెబుతాయి. తరువాత పైపును జాయింటులోకి అది ఆగేదాకా నొక్కి, వెనక్కి ఒకసారి లాగి చూసి, క్లిప్పు పెట్టాలి. పుష్ ఫిట్ జాయింటుకు టెఫ్లాన్ టేపు చుట్టకూడదు. టేపు మరలున్న చోటే పనికొస్తుంది, ఇక్కడ చుడితే పైపు లోపలికి దిగదు.

తలుపు నుంచి మొదట వచ్చే నీళ్ళు గాలితో కలిసి చిమ్ముతూ వస్తాయి. కొత్త ఫిల్టరు పెట్టాక కొంచెం నల్లటి కార్బన్ పొడి కూడా రావచ్చు. ఎనిమిది పది లీటర్లు పట్టి, తాగడానికి కాక అంట్లకో మొక్కలకో వాడుకోవాలి. నీటి రుచీ రంగూ కుదిరాక ఐసు యంత్రాన్ని నడిపి, మొదటి రోజు తయారైన ఐసునంతా పారబోయాలి.

ఇంత చేశాక కూడా ఫ్రిజ్‌ను వెంటనే గోడకు నెట్టకూడదు. జాయింటు కింద నేల మీద పొడి కాగితం ఒకటి పరిచి, పంపు ప్లగ్గును తీయకుండా, రాత్రంతా ఉంచాలి. సన్నటి ఊట వెంటనే కంటికి కనబడదు, కాగితం మీద మాత్రం మరక తెలుస్తుంది. ఎవరూ నీళ్ళు పట్టకుండానే పంపు మాటిమాటికీ తిరుగుతున్నదంటే, కాగితం పొడిగా ఉన్నా సరే, ఎక్కడో కారుతున్నదని అనుమానించి ఆర్వో వైపు జాయింట్లను కూడా తడిమి చూడాలి. మరక లేకపోతే పైపును ఫ్రిజ్ వెనుక వెడల్పుగా ఒక చుట్ట చుట్టి, ఆ చుట్ట గోడకూ ఫ్రిజ్‌కూ మధ్య నలగకుండా రెండంగుళాల సందు వదిలి, ఫ్రిజ్‌ను తిన్నగా లోపలికి నెట్టి, పైకి తిప్పిన ముందు కాళ్ళను కిందికి దించి బిగించాలి.